సూసన్ ఆంథొనీ సమాధి మీద మా పాప చేత స్టిక్కర్ అంటించాను, తప్పు చేశానా?

రోచెస్టర్_రాధిక
మేం ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్. 2020 నవంబర్‌లో సిటిజన్‌గా నా మొదటి ఓటు వేసి, ఇక్కడి అలవాటు ప్రకారం మౌంట్ హోప్ శ్మశానానికి వెళ్ళాను. అమెరికాలో ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథొనీ సమాధి అక్కడే. ఓటేసినవాళ్ళు "నేను ఓటేశాను" స్టిక్కర్ తెచ్చి ఆవిడ రాయి మీద అంటించి పోతుంటారు. జిగురుకి రాయి పాడైపోతోందని ఆ ఏడు ప్లాస్టిక్ తొడుగు వేశారు, దాని మీదే అంటించాం. చిన్న తెల్లరాయి, పెద్ద ఆర్భాటం ఏమీ లేదు. మా అమ్మాయి అప్పుడు రెండో క్లాసు. దాని చేతే అంటించి ఫోటో తీశాను, ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది.

ఇప్పుడది ఏడో క్లాసు. స్కూల్లో ప్రాజెక్టు. మొన్న రాత్రి పప్పన్నం తింటూ తింటూ "అమ్మా, ఆవిడ నల్లవాళ్ళ ఓటుకి అడ్డుపడిందట కదా, నా చేత స్టిక్కర్ ఎందుకు వేయించావు" అంది. నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసిందల్లా మా ఊళ్ళో ఆవిడా ఫ్రెడరిక్ డగ్లసూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నట్టు కంచు బొమ్మలున్నాయి. డగ్లస్ అంటే బానిసగా పుట్టి, పారిపోయి, పత్రిక పెట్టినాయన. ఆయన సమాధి కూడా అదే శ్మశానంలో. మరి స్నేహితులా, శత్రువులా? సూటిగా చెప్పండి. లింకులు వద్దు, చదివే ఓపిక లేదు.

ఇరానీచాయ్
టీ బొమ్మల దగ్గర ఉస్మానియా బిస్కెట్ ఉందా లేదా, ముందు అది తేలాలి.

రోచెస్టర్_రాధిక
కెటిల్, రెండు కప్పులు, రెండు పుస్తకాలు. బిస్కెట్ లేదు.

చరిత్ర_పిచ్చోడు
రెండూ నిజమే రాధిక గారూ. మీ పాప చెప్పింది నిజం, బొమ్మలూ నిజం. సూసన్ వాళ్ళ కుటుంబం 1845లో రోచెస్టర్ వచ్చింది, ఆదివారాలు వాళ్ళ ఇంట్లో బానిసత్వ వ్యతిరేకులంతా చేరేవాళ్ళు, డగ్లస్ అందులో ఒకడు. ఆయన 1847లో మీ ఊళ్ళోనే "నార్త్ స్టార్" పత్రిక పెట్టాడు. దాని నినాదమే హక్కుకి ఆడా మగా లేదు, సత్యానికి రంగు లేదు అని. 1848లో సెనెకా ఫాల్స్‌లో ఆడవాళ్ళ మొదటి సభ జరిగినప్పుడు మిగతా తీర్మానాలన్నీ ఏకగ్రీవం, ఒక్క ఓటు తీర్మానం దగ్గరే అందరూ వెనకాడారు. "మరీ ఓటా, జనం నవ్వుతారు" అని. అప్పుడు లేచి దాన్ని గట్టిగా సమర్థించింది డగ్లసే. ఆయన మాట్లాడాకే అది గట్టెక్కింది, అదీ అంతంత మాత్రపు మెజారిటీతో.

పాతచింతకాయ
సెనెకా ఫాల్స్‌లో సూసన్, డగ్లస్ పక్కపక్కన కూర్చున్నారని ఎక్కడో చదివా.

చరిత్ర_పిచ్చోడు
తప్పు బాబాయ్. 1848లో సూసన్ అక్కడ లేనే లేదు. ఆ సభ నడిపింది ఎలిజబెత్ కేడీ స్టాంటన్, లుక్రీషియా మాట్. రెండు వారాల తర్వాత రోచెస్టర్‌లో ఇంకో సభ జరిగితే దానికి సూసన్ అమ్మానాన్నలు, చెల్లెలు వెళ్ళారు. సూసన్ స్టాంటన్‌ని కలిసింది 1851లో.

విజ్జి_టీచర్
31 ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా పుస్తకాల్లో బానిసత్వం ఒక పాఠం, ఆడవాళ్ళ ఓటు ఇంకో పాఠం, మధ్యలో ఓ యూనిట్ టెస్టు. పిల్లలకి ఈ రెంటికీ పోరాడినవాళ్ళు వేరు వేరు మనుషులని ముద్ర పడిపోతుంది. నిజానికి మొదటిది లేకపోతే రెండోది పుట్టేదే కాదు. 1840లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ పెట్టారు. అమెరికా నుంచి ప్రతినిధులుగా వెళ్ళిన ఆడవాళ్ళని "మీకు సీటు లేదు" అని విడిగా అడ్డు కట్టి కూర్చోబెట్టారు. బానిసల స్వేచ్ఛ గురించి మాట్లాడే సభలో! గారిసన్ అనే పెద్ద నాయకుడు ఆలస్యంగా వచ్చి, సంగతి తెలిసి, మాట్లాడనని పోయి ఆడవాళ్ళతోనే కూర్చున్నాడు. మాట్, స్టాంటన్ కలిసింది ఆ సభలోనే. ఎనిమిదేళ్ళకి సెనెకా ఫాల్స్.

ఇంకోటి చెప్తాను. సౌత్ కరోలినాలో బానిసలున్న ఇంట్లో పుట్టి, అది చూడలేక ఉత్తరాదికి వచ్చేసిన అక్కాచెల్లెళ్ళు గ్రిమ్కేలు. చెల్లెలు ఏంజెలీనా 1838 మేలో ఫిలడెల్ఫియాలో కొత్తగా కట్టిన హాల్లో మాట్లాడుతుంటే బయట గుంపు రాళ్ళేసి అద్దాలు పగలగొట్టింది. ఆవిడ ఆపలేదు. ఆ సభల్లో తెల్ల ఆడవాళ్ళూ నల్ల ఆడవాళ్ళూ చేయీ చేయీ కలుపుకుని గుంపు మధ్యలోంచి నడిచి బయటికి వచ్చారు. మర్నాడు రాత్రి ఆ హాలు తగలబెట్టేశారు. తెరిచి ఇంకా నాలుగు రోజులే అయింది. ఆడది మగవాళ్ళ ముందు మైకు లేకుండా (మైకులు లేవులెండి అప్పుడు) మాట్లాడటమే తప్పు అన్న రోజులు. బానిసల గురించి నోరు విప్పబోతే "ముందు నువ్వు ఆడదానివి, కూర్చో" అన్నారు, దాంతో తమ గురించీ నోరు విప్పాల్సి వచ్చింది.

లాయర్_గారి_కోడలు
టీచర్ గారు చెప్పినదానికి కలుపుతున్నా. ఓటు లేని ఆడవాళ్ళకి చట్టంలో మిగిలిన ఒకే దారి అర్జీ. ఇంటింటికీ తిరిగి సంతకాలు. 1863లో స్టాంటన్, సూసన్ కలిసి మహిళల సంఘం పెట్టి, బానిసత్వాన్ని రాజ్యాంగం ద్వారానే రద్దు చేయాలని సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు. 1864 ఫిబ్రవరిలో మొదటి లక్ష సంతకాలు ఒకదానికొకటి అంటించి చుట్టలు చుడితే, ఇద్దరు పొడుగాటి నల్లజాతి మనుషులు వాటిని సెనేట్‌లోకి మోసుకొచ్చి సమ్నర్ అనే సెనేటర్ బల్ల మీద పెట్టారు. మొత్తం మీద దాదాపు 4 లక్షలు అయ్యాయి. 13వ సవరణ వెనక ఈ ఆడవాళ్ళ చెప్పులరిగిన తిరుగుడు ఉంది. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం జరుగుతున్నన్నాళ్ళూ తమ ఓటు సంగతి పక్కన పెట్టేశారు కూడా.

నిర్మొహమాటం
అదే నేను చెప్పేది. నాలుగు లక్షల సంతకాలు పట్టుకొచ్చిన వాళ్ళకి చివరికి ఏం ఇచ్చారు? నల్లవాళ్ళకి పౌరసత్వం ఇచ్చిన 14వ సవరణలో "మగ" అనే మాట మొట్టమొదటిసారి రాజ్యాంగంలోకి ఎక్కించారు, 1868. అంతకు ముందు ఆ మాటే లేదు. "ఇది నీగ్రోల గడియ, మీరు ఆగండి" అని వెండెల్ ఫిలిప్స్ లాంటి సొంత మిత్రులే చెప్పారు. వంటంతా వండించుకుని విస్తరి దగ్గరికి రాగానే "మీరు తర్వాత బంతికి" అన్నట్టు. ఆ తర్వాత బంతి యాభై ఏళ్ళకి వచ్చింది. సూసన్‌కి మండదా? రాధిక గారూ, స్టిక్కర్ తీయక్కర్లేదు.

అమ్ములు_అమ్మ
మండటం వేరు నిర్మొహమాటం గారూ, మండినప్పుడు ఎవరి మీద పడ్డారన్నది వేరు. బంతి ఆపింది తెల్ల మగాళ్ళు. వీళ్ళు తిట్టింది నల్ల మగాళ్ళని.

నిర్మొహమాటం
తిట్టారు అని ఊరికే అంటే ఎలా, ఏం అన్నారో చెప్పండి.

చరిత్ర_పిచ్చోడు
నేను చెప్తా. నల్లవాడికి ఓటడిగి ఆడదానికి అడగకుండా పనిచేయాల్సి వస్తే ఈ కుడి చెయ్యి నరుక్కుంటా అంది సూసన్. సరే, అది కోపం అనుకుందాం. స్టాంటన్ రాసినవి చదివితే మాత్రం తల తిరుగుతుంది. నల్లవాళ్ళు, ఐరిష్‌వాళ్ళు, జర్మన్లు, చైనావాళ్ళు, ఒక్కొక్క జాతికి ఓ వెటకారపు పేరు పెట్టి, రాచరికానికీ రిపబ్లిక్‌కీ తేడా తెలియని వీళ్ళా లుక్రీషియా మాట్ లాంటి వాళ్ళకి చట్టాలు చేసేది అని రాసింది. 1867లో కాన్సాస్‌లో ఆడవాళ్ళ ఓటు, నల్లవాళ్ళ ఓటు రెండూ ఒకేసారి ప్రజల ముందుకి వస్తే, జార్జ్ ఫ్రాన్సిస్ ట్రెయిన్ అనే డబ్బున్న బాహాటపు జాత్యహంకారిని పక్కన పెట్టుకుని ప్రచారం చేశారు. రెండూ ఓడిపోయాయి. మరుసటి ఏడు అతని డబ్బుతోనే పత్రిక పెట్టారు.

ఇరానీచాయ్
ఆ లిస్టులో ఐరిష్, చైనా అన్నీ ఉన్నాయి, మనం లేకపోవడం అప్పటికి మనవాళ్ళకి వీసా రాకపోవడం వల్లే. వచ్చుంటే "సుబ్బారావు" కూడా ఎక్కేవాడు.

ఒహాయో_ఓబులేసు
నవ్వులాటకి అన్నా నిజం అన్నా అది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇండియన్లు తెల్లవాళ్ళ కింద రారు కాబట్టి సిటిజన్‌షిప్‌కి అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పేసింది. మళ్ళీ దారి తెరిచింది 1946లో. అంటే 1920లో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది అని మనం పండగ చేసుకుంటాం కానీ, రాధిక అక్క ఆ రోజుల్లో రోచెస్టర్‌లో ఉండుంటే స్టిక్కర్ సంగతి దేవుడెరుగు, కాగితాలే లేవు. అక్కడి మూలవాసులకే 1924 దాకా అందరికీ పౌరసత్వం లేదు.

లాయర్_గారి_కోడలు
ఎందుకు నల్ల మగవాళ్ళకే ముందు ఇచ్చారు అన్నది కూడా చూడాలి. దయ కాదు, లెక్క. యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు మళ్ళీ పాత యజమానుల చేతికి పోకుండా రిపబ్లికన్ పార్టీకి అక్కడ ఓట్లు కావాలి. 1868లో ఆ పార్టీ గ్రాంట్ అధ్యక్షుడిగా గెలిచింది సుమారు 3 లక్షల ఓట్ల తేడాతో, నల్లజాతి ఓట్లు 5 లక్షల దాకా ఉంటాయని అంచనా. ఆడవాళ్ళకి ఇస్తే ఏ పార్టీకి లాభమో ఎవరికీ తెలియదు. అందుకే వాళ్ళు ఆగాలి.

పాతచింతకాయ
ఇది మన మహిళా రిజర్వేషన్ లాగే ఉందమ్మా. 1996లో మొదటిసారి బిల్లు వస్తే "అందులో బీసీ ఆడవాళ్ళ కోటా ఏది" అని ఒకరు, "ముందు ఇది కానీ" అని ఒకరు. 2023లో 106వ సవరణ అయ్యేదాకా నలిగింది. అయినా ఇంకా

అడ్మిన్
పాతచింతకాయ గారూ, మన పార్టీల గొడవ వేరే దారంలో. మీ మిగతా పోస్టు కత్తిరించాను. ఇక్కడ 1869లోనే ఉండండి.

పాతచింతకాయ
1869లోనే ఉంటాను, అప్పటికి పెన్షన్ కూడా రాదు నాకు.

అమ్ములు_అమ్మ
అసలు 1869లో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు ఇంకా.

చరిత్ర_పిచ్చోడు
న్యూయార్క్‌లో స్టెయిన్‌వే హాలు, 1869 మే. నల్లవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఇద్దరికీ సమాన హక్కులని 1866లో అందరూ కలిసి పెట్టుకున్న సంఘం చివరి సభ. నల్ల మగవాళ్ళకి ఓటిచ్చే 15వ సవరణని సమర్థించాలా వద్దా అన్నది గొడవ. డగ్లస్ లేచి, ఆడవాళ్ళని ఆడవాళ్ళయినందుకు ఇళ్ళలోంచి ఈడ్చుకొచ్చి దీపస్తంభాలకి ఉరితీస్తున్నప్పుడు, పిల్లల్ని చేతుల్లోంచి లాక్కుని తలలు నేలకేసి కొడుతున్నప్పుడు, మాకున్నంత తొందర మీకూ ఉంటుంది అన్నాడు. సభలోంచి ఎవరో అరిచారు, నల్ల ఆడవాళ్ళకి ఇదంతా జరగడం లేదా అని. జరుగుతోంది, జరుగుతోంది, కానీ ఆడది అయినందుకు కాదు, నల్లది అయినందుకు అన్నాడు. అంతే, సంఘం చీలింది. స్టాంటన్, సూసన్ ఒక పక్క, సవరణని సమర్థించిన లూసీ స్టోన్ వాళ్ళు ఒక పక్క. మళ్ళీ కలవడానికి 1890 అయింది.

నిర్మొహమాటం
ఆ జవాబు నాకు నచ్చలేదు. దెబ్బ తిన్నది ఆవిడ అయినప్పుడు ఏ కారణానికి తిన్నదో పంచాయితీ ఏమిటి?

విజ్జి_టీచర్
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను. ఆ ప్రశ్న అంతకు రెండేళ్ళ ముందే సొజర్నర్ ట్రూత్ అడిగింది. నల్ల మగవాళ్ళకి హక్కులొచ్చి నల్ల ఆడవాళ్ళకి రాకపోతే మగవాళ్ళు యజమానులవుతారు, పాత కథే మళ్ళీ అని. ఆవిడ న్యూయార్క్ రాష్ట్రంలో డచ్చి యజమానుల దగ్గర బానిసగా పుట్టింది, మొదట వచ్చిన భాష డచ్చి. అక్రమంగా అలబామాకి అమ్మేసిన కొడుకుని 1828లో కోర్టుకెక్కి వెనక్కి తెచ్చుకుంది. అలాంటి మనిషి 1851 ఉపన్యాసాన్ని పన్నెండేళ్ళ తర్వాత ఒక తెల్లావిడ దక్షిణాది యాసలోకి మార్చి అచ్చేసింది. "నేను ఆడదాన్ని కానా" అని మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ప్రసిద్ధ వాక్యం 1851లోనే అచ్చయిన రిపోర్టులో లేనే లేదు. నేను కూడా ఏళ్ళ తరబడి క్లాసులో ఆ వాక్యమే ఆవేశంగా చదివి వినిపించాను, ఏం చేస్తాం.

సైలెంట్_రీడర్
ఆరేళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఇందరు మాట్లాడారు కానీ ఫ్రాన్సిస్ హార్పర్ పేరు ఎవరూ ఎత్తలేదు. నల్లజాతి కవయిత్రి, స్వేచ్ఛగా పుట్టినావిడ, బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చింది. తన సంపాదనతో ఒహాయోలో కొంత పొలం కొంది. పెళ్ళయింది, పాడి పెట్టుకుని వెన్న అమ్మేది. 1864లో భర్త అప్పులు మిగిల్చి పోయాడు. మూడు నెలలు తిరక్కుండా అప్పులవాళ్ళ తరఫున వచ్చి పాల కుండలు, బట్టలుతికే తొట్లు కూడా ఊడ్చుకుపోయారు. ఒక్క అద్దం వదిలారు, మొహం చూసుకునే అద్దం. ఇదంతా 1866లో న్యూయార్క్ సభలో ఆవిడే నిలబడి చెప్పింది. నేను పోయి ఆయన బతికుంటే ఎవరూ వచ్చి ఆయన ఇల్లు చెదరగొట్టేవాళ్ళు కాదు అంది. ఆ మాట అన్నాకే తెల్ల ఆడవాళ్ళ వైపు తిరిగి, మీరు హక్కుల గురించి మాట్లాడతారు, నేను అన్యాయాల గురించి మాట్లాడతాను అంది. ఫిలడెల్ఫియాలో ట్రాము బండిలో తనని కూర్చోనివ్వని సంగతి చెప్పింది.

దీని మీద నాకు ఎందుకింత పట్టు అంటే, మా నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. పెద్దకర్మ అయిన మూడో రోజు అప్పులవాళ్ళు వచ్చారు. ఎవరో చెప్పను, ఇప్పుడు ఎదురుపడితే పలకరిస్తారు. రెండు గేదెలు తోలుకుపోయారు, కాగు, ఇత్తడి బిందెలు. మా అమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. పాలు పోసి నోటు తీర్చింది అమ్మ, నోటు మీద పేరు నాన్నది, ఎవరి లెక్కలోనూ అమ్మ లేదు. హార్పర్ ప్రసంగం చదివినప్పుడు అద్దం దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో మిగిలింది కుట్టు మిషను.

అమ్ములు_అమ్మ
ఏం రాయాలో తెలియడం లేదు. అమ్మ ఇప్పుడు ఎలా ఉన్నారు?

సైలెంట్_రీడర్
బాగుంది. కళ్ళు కనపడవు కానీ సూదిలో దారం ఎక్కించి ఇస్తే ఇప్పటికీ కుడుతుంది.

ఒహాయో_ఓబులేసు
హార్పర్ 1869లో ఎటు వైపు?

సైలెంట్_రీడర్
15వ సవరణ వైపు. మా వాళ్ళలో మగవాళ్ళకి వచ్చేదానికి నేను గడ్డిపోచ అడ్డం పెట్టను అంది. తెల్ల ఆడవాళ్ళకి ఆడతనం ముందూ, జాతి వెనకా అని మొహానే చెప్పింది. అంత పోగొట్టుకుని కూడా. అందుకే "ఆడవాళ్ళు ఒక పక్క, నల్లవాళ్ళు ఒక పక్క" అని ఈ దారంలో రాస్తుంటే ఆవిడని ఎక్కడ నిలబెట్టాలో నాకు అర్థం కాలేదు.

నిర్మొహమాటం
సరే, నా మొదటి పోస్టులో "వాళ్ళకి" అని రాసిన చోట "తెల్ల ఆడవాళ్ళకి" అని చదువుకోండి. మండటం మాత్రం వెనక్కి తీసుకోను.

కోరంగి_రాజు
అమెరికా అమెరికా అంటున్నారు, ఇంగ్లండులో ఆడవాళ్ళు అంతకు ముందే చక్కెర మానేశారు. 1791, 92ల్లో. బానిసలు పండించిన వెస్టిండీస్ చక్కెర ఇంటికి రానివ్వమని లక్షల మంది. బజారుకెళ్ళేది, టీలో చక్కెర వేసేది ఆడవాళ్ళే కాబట్టి బేరం వాళ్ళ చేతిలో ఉంది. తర్వాత చక్కెర గిన్నెల మీదే "ఈస్ట్ ఇండియా చక్కెర, బానిసలు చేసింది కాదు" అని రాయించి అమ్మారు. 1824లో ఎలిజబెత్ హేరిక్ అనే ఆవిడ, మెల్లమెల్లగా కాదు వెంటనే రద్దు చేయండి అని కరపత్రం వేసింది. పార్లమెంటులో బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన విల్బర్‌ఫోర్స్ గారికి మాత్రం ఆడవాళ్ళు ఇలా సంఘాలు కట్టి ఇంటింటికీ తిరగడం గిట్టేది కాదు.

ఇప్పుడు మన వైపు చూడండి. 1833లో బ్రిటిష్ వాళ్ళు బానిసత్వం రద్దు చట్టం చేసి, యజమానులకి 2 కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చారు (బానిసలకి పైసా లేదు), ఈస్టిండియా కంపెనీ ప్రాంతాల్ని మాత్రం ఆ చట్టం నుంచి మినహాయించారు. ఇక్కడ 1843 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే గిన్నె మీద "బానిసలు చేసింది కాదు" అని రాసిన దేశంలోనే బానిసత్వం చట్టబద్ధం. మారిషస్‌లో బానిసలు పోయాక చెరకు నరకడానికి ఎవర్ని పట్టుకెళ్ళారు? ఒప్పంద కూలీల్ని. అందులో మా కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం వైపు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళు ఉన్నారు. మా తాత చెప్పేవాడు, వాళ్ళ ఇంట్లో ఒకాయన అలా "మిరిచి దేశం" పోయి ఉత్తరం ముక్క లేదని.

ఇరానీచాయ్
టీలో చక్కెర మానేశారా. ఉద్యమాలు నా వల్ల కావు.

మదనపల్లె_పిల్లోడు
మా ఊరు రాకుండా ఈ దారం ముగిస్తే ఒప్పుకోను. ఆడవాళ్ళ ఓటు కోసం లండన్‌లోనూ ఐర్లండ్‌లోనూ జైలుకెళ్ళిన మార్గరెట్ కజిన్స్ 1915లో ఇండియా వచ్చి మా మదనపల్లెలో ఉంది, వాళ్ళాయన అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్. 1919లో టాగోర్ వచ్చినప్పుడు జనగణమనకి స్వరం రాసిపెట్టింది ఆవిడే, అది అందరికీ తెలుసు. అందరూ మర్చిపోయేది 1917 డిసెంబర్‌లో మద్రాసులో ఇండియా వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగు దగ్గరికి సరోజినీ నాయుడు ముందుండి తీసుకెళ్ళిన ఆడవాళ్ళ బృందం వెనక కూడా కజిన్స్ ఉందని. మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో ఆడవాళ్ళకి ఓటిచ్చారు, మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు అందులోనే. అయితే ఆస్తి ఉండాలి.

పాతచింతకాయ
ఆస్తి ఉండాలి అంటే మా నాయనమ్మకి లేనట్టే. ఆవిడ పేరే చాలా రోజులు ఎవరికీ తెలియదు, "వెంకటప్పయ్య గారి భార్య". 1952 ఎన్నికల లిస్టు రాయడానికి వచ్చినాయనకి లోపల్నుంచి పేరు చెప్పమంటే సిగ్గుపడి చెప్పలేదట, మా తాత అరిస్తే చెప్పింది.

లాయర్_గారి_కోడలు
మీ తాత అరిచి మంచి పని చేశారు. ఆ ఎన్నికల్లో ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్న సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు లిస్టుల్లోంచి తీసేశారు, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. సొంత పేరు చెప్పకపోతే ఓటు లేదు అన్నారు అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్. దీనికి సరిగ్గా తిరగేసిన కేసు లూసీ స్టోన్‌ది. పెళ్ళయినా పుట్టింటి పేరే ఉంచుకుంది. 1879లో మసాచుసెట్స్‌లో స్కూలు కమిటీ ఎన్నికల వరకు ఆడవాళ్ళకి ఓటిస్తే నమోదుకి వెళ్ళింది. మొగుడి పేరు పెడితేనే చేర్చుకుంటాం అన్నారు. పెట్టను అని వెనక్కి వచ్చేసింది. జీవితమంతా ఓటు కోసం తిరిగిన మనిషి ఒక్క ఓటూ వేయకుండానే పోయింది.

రోచెస్టర్_రాధిక
నేను సిటిజన్‌షిప్ కాగితంలో ఇంటిపేరు మార్చేసుకున్నాను, ఇదేదో ముందే చెప్పాల్సింది మీరు.

అసలు విషయానికి వస్తే, నిన్న రాత్రి అన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. మధ్యలో అడిగింది, సూసన్, డగ్లస్ తర్వాత మాట్లాడుకున్నారా అని.

చరిత్ర_పిచ్చోడు
మాట్లాడుకున్నారు, అది ఇంకా చిక్కు. ఆయన ఆడవాళ్ళ సభలకి వెళ్తూనే ఉన్నాడు. 1895 మొదట్లో అట్లాంటాలో సభ పెట్టినప్పుడు, దక్షిణాది తెల్లవాళ్ళు నొచ్చుకుంటారని, మీరు రావద్దు అని డగ్లస్‌కి సూసనే చెప్పింది. నెల కూడా తిరగలేదు, ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో జాతీయ మహిళా మండలి సభకి ఆయన వెళ్తే సూసన్‌నీ ఇంకొకావిడనీ పంపి సగౌరవంగా వేదిక మీదికి తీసుకొచ్చారు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ సభ ముచ్చట్లు భార్యకి చెబుతూ కుప్పకూలి పోయాడు. అంత్యక్రియల్లో స్టాంటన్ పంపిన ఉత్తరం చదివింది సూసన్.

ఆ అట్లాంటా సంగతి సూసన్ తనే నల్లజాతి పాత్రికేయురాలు ఐడా వెల్స్‌కి చెప్పి, నేను చేసింది తప్పంటావా అని అడిగింది. తప్పే అంది వెల్స్. అదే వెల్స్‌ని 1913లో ఆడవాళ్ళ ఓటు కోసం జరిగిన వాషింగ్టన్ ఊరేగింపులో నల్లవాళ్ళతో వెనక నడవమన్నారు. ఆవిడ జనంలో నిలబడి, తన ఇల్లినాయ్ బృందం రాగానే లోపలికి దూరి ఇద్దరు తెల్ల స్నేహితురాళ్ళ మధ్య నడిచింది. 1920లో ఆడవాళ్ళకి ఓటిచ్చిన 19వ సవరణ వచ్చినా దక్షిణాదిలో నల్ల ఆడవాళ్ళకి పోల్ టాక్సులూ చదువు పరీక్షలూ దాటి ఓటు అందడానికి 1965 ఓటు హక్కుల చట్టం దాకా పట్టింది.

రోచెస్టర్_రాధిక
"తప్పంటావా అని అడిగిందా" అని దాన్నే రెండుసార్లు అడిగింది మా అమ్మాయి. తర్వాత ఏమీ అనలేదు.

పొద్దున చూస్తే ప్రాజెక్టు మారింది. సూసన్ కాదు, హార్పర్. చార్టు మీద పాల కుండలు, తొట్లు పెన్సిల్‌తో వేసి రబ్బరుతో చెరిపేసి ఆ మరకలు అలాగే వదిలేస్తుందట, మధ్యలో నిజం అద్దం అతికిస్తుందట. నేను బొమ్మ వేస్తే చాలు కదా అంటే వినలేదు. సాయంత్రం డాలర్ స్టోర్‌కి వెళ్ళాలి. ఫ్రిజ్ మీద ఫోటో ఉంచాలా తీయాలా అని అడిగితే, ఉండనీ, అందులో నా పళ్ళు బాగోలేవు కానీ అంది.

నిర్మొహమాటం
ఫోటో ఉందిగా. నాకది చాలు.

సైలెంట్_రీడర్
చార్టు అయ్యాక ఫోటో పెట్టండి రాధిక గారూ. అమ్మకి కనపడదు, నేను చెప్తాను ఎలా ఉందో.